లారీలనే ఉంటున్నం, బతుకమ్మ–దసరా ఎంత తగ్గిచ్చుకోవాలె?

12టైర్ల_ఇల్లు | 4 సెప్టెంబర్ 2025
మా ఇంటికి తాళమేసి ఈ నెలకు 14 నెలలాయె. ఊరు మిర్యాలగూడ దగ్గర. బండి సొంతందే, మా ఆయన నడుపుతడు, కిస్తీలు ఇంకా ఉన్నయి. మిల్లు కాడ బియ్యం ఏసుకొని తమిళనాడో కేరళో పోవుడు, ఆడ ఏ లోడ్ దొరికితే అది ఏసుకొని మర్లుడు. క్లీనర్లు నిలుస్తలేరు, బిడ్డ హాస్టల్‌ల చేరింది, ఇగ నేనే ఎక్కి కూసున్న. వంట, కాటా చీటీలు, టోల్ లెక్కలు, రాత్రి డీజిల్‌కు కావలి, అన్నీ నావే. కష్టమని చెప్తలేను, మంచిగనే ఉన్నం.

పండుగలొస్తెనే పరేషాన్. పోయినేడు ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకు పంతం పట్టి అన్నీ చేసిన. తమిళనాడు ధర్మపురి ఇవతల ఆపి తెల్లారగట్ల నాలుగింటికి లేచి ఐదు తీర్ల సద్దులు (కలిపిన అన్నాలు), సత్తుపిండి, మలీద. పూలు ముందునాడు హోసూర్ల కొన్న, 900 రూపాయలు. తాంబాళంల పేర్చి సీట్ల నడుమ పెట్టిన, నామక్కల్ దాటినంక కావేరిల ఏద్దామని. తొప్పూరు ఘాట్ దిగుతుంటె ముందట బండోడు బ్రేక్ కొట్టిండు, ఈయన గూడ కొట్టిండు. బతుకమ్మ ఎగిరి గేరు మీద పడ్డది. పులిహోర పెడల్ కిందికి పోయింది. దేవుని దయ, ఏం కాలే గని ఆయన చేతులు పొద్దుమీకి దాక వణికినయ్. నేను ఏడ్సింది పూలకా భయానికా ఇప్పటికీ తెల్వది. సీటు సందులల్ల ఇంకా సత్తుపిండి ఎల్తది.

ఈ నెల 21కి మొదటి రోజు ఎంగిలిపూలు, 30కి సద్దులు, 2కి దసరా. మా అత్తమ్మ మరిది కాడ ఉంటది. ఫోన్ చేస్తె "గడప మీద దీపం లేని పండుగ ఏం పండుగనే" అంటది. నాకు గడపంటె బండి మెట్టు. బండిల, వ్యానుల, ఊర్లు పట్టుకొని తిరిగేటోళ్లు ఎవలన్న ఉంటె చెప్పున్రి. ఏది ఇడిసిపెట్టిన్రు, ఏది ఇడువలే?

చక్రాల_మీద_కోడింగ్ | 4 సెప్టెంబర్
పులిహోర పెడల్ కింద... సారీ అక్కా, నవ్వొచ్చింది, తర్వాత భయమైంది.
నేను 8 నెలలు వ్యానులో ఉండి పని చేసిన. అన్నీ ఇడిసిపెట్టిన. పండుగ నాడు బిర్యాని ఆర్డర్, అమ్మకు వీడియో కాల్, ఖతం. చానా హాయి.

దేవరకొండ_అత్తమ్మ | 4 సెప్టెంబర్
బిర్యాని తినెటోన్ని బతుకమ్మ గురించి ఎవలడిగిన్రు.

చక్రాల_మీద_కోడింగ్ | 4 సెప్టెంబర్
ఇదే డైలాగ్ మా అమ్మ గూడ కొట్టింది.

పాలమూరు_పంతులు | 5 సెప్టెంబర్
నేను రిటైరైన బడిపంతుల్ని, జడ్చర్ల దగ్గర మా ఇల్లు. రెండేళ్ల కింద ఒక పాత ట్రావెలర్ వ్యాను కొని వెనక సీట్లు తీసి మంచం, సామాన్ల పెట్టె కట్టించుకున్నాం. నేను, మా ఆవిడ ఏడాదిలో పది నెలలు రోడ్డు మీదే. ఆగస్టు 15 నుంచి టోల్‌కు వార్షిక పాస్ వచ్చింది కదా, 200 సార్లు దాటొచ్చు. సొంత వాడకం బండ్లకే అది, అమ్మా, మీ లారీకి వర్తించదు. ఆ మాటకొస్తే మా తిరుగుడు మోజు, మీది బతుకుదెరువు. రెండూ ఒకటని నేననను.

మొదటి వినాయక చవితికి మేమూ మీలాగే మొండికేశాం. 21 పత్రి కావాలని మా ఆవిడ, బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున నేను చెట్లు పట్టుకు తిరుగుడు. ఏడు దొరికాయి. అందులో రెండు ఏమిటో ఇప్పటికీ తెలియదు. పూజ మధ్యాహ్నం రెండున్నరకు మొదలైంది, ఉండ్రాళ్లు చల్లారి రాళ్లయ్యాయి, ఇద్దరం మాట్లాడుకోలేదు. తరువాతి ఏడు అరచేతిలో పట్టే మట్టి బొమ్మ, గరిక, ఒక బెల్లం ముక్క. నిమజ్జనం బకెట్‌లో, ఆ నీళ్లు పక్కనే ఉన్న వేప చెట్టుకు.

మేం పెట్టుకున్న లెక్క ఒకటే. ఆ పండుగలో ఏది లేకపోతే మనకు రాత్రి నిద్ర పట్టదో అది ఉంచుకోవాలి. మా ఆవిడకు అది దీపం. నాకైతే, సిగ్గు లేకుండా చెప్తున్నా, బొబ్బట్లు. తిథి కూడా అంత పట్టింపు లేదు, రెండు రోజులు అటూ ఇటూ అయినా దేవుడేం హాజరు వెయ్యడు.

దేవరకొండ_అత్తమ్మ | 5 సెప్టెంబర్
బళ్లె హాజరు ఏసినోళ్లే తిథికి పట్టింపు లేదంటె ఎట్ల సారూ. రెండు రోజులు అటిటైతె నెలకు జీతం గూడ అటిటు తీసుకుంటిరా?

పాలమూరు_పంతులు | 5 సెప్టెంబర్
డీఏ మాత్రం ఎప్పుడూ అటూ ఇటే వచ్చేదమ్మా.

రిగ్గు_దోస్తు | 5 సెప్టెంబర్
బోరుబండి మీద ఏడేండ్లు చేసిన. ముందుగాల ఒక మాట, మిగిలినయి తర్వాత. అక్కా, క్యాబిన్ లోపల గ్యాస్ పొయ్యి ముట్టియ్యకు. పండుగ నాడైతె అసలే వద్దు, అద్దాలేసి దీపం పెట్టి పక్కకే పొయ్యి పెడ్తరు. ఆ గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతె మీదికి పోదు, సీటు కింద కూసుంటది. వాసన వచ్చేసరికే ఆలస్యమైతది. బొగ్గుల కుంపటి గూడ అంతే, చలి అని లోపల పెట్టుకొని పండితె తెల్లారి లేవరు. బయట, బండికి గాలి తగలని పక్కన, బంకుకు దూరం.

పండుగ సంగతి. మా రిగ్గు ఓనర్ తమిళనాడు తిరుచెంగోడు ఆయన. ఆళ్లకు ఆయుధ పూజ నవమి నాడు, మనకు బండి పూజ దశమి నాడు. మొదటి ఏడు నేను దశమి నాడు కొబ్బరికాయ పట్టుకొని పోతె "నిన్ననే అయిపాయె తంబీ" అని మిగిలిన బొరుగులు, పుట్నాలు చేతుల పోసిన్రు. తర్వాత సంవత్సరం సంది రెండు రోజులు సెలవు కొట్టిన, ఆళ్లది ఒకటి మనది ఒకటి.

సాగర్_ఆయకట్టు | 6 సెప్టెంబర్
రెండు పండుగలు చేసుకుంటివి, గిది తగ్గిచ్చుకునుడా పెంచుకునుడా?

రిగ్గు_దోస్తు | 6 సెప్టెంబర్
సెలవు పెంచుకునుడు.

కోస్గి_బిడ్డ | 6 సెప్టెంబర్
పొద్దటి సంది చదువుతున్న, రాయాల్నా వద్దా అనుకుంటున్న. రాస్త.

మా అమ్మ నాయిన బొంబాయి, పూనా పోయినోళ్లు. పాలమూరు లేబర్ అంటరు కదా, గదే. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నంక పండుగకు ఊరికి పోత అంటె "బాకీ తీర్చి పో" అంటుండె. నాకు ఆరేండ్ల సంది పదమూడేండ్ల దాక నా పండుగలన్నీ సైటు కాడ రేకుల గుడిసెలనే. పండుగను తగ్గిచ్చుకుందామని మాలో ఎవ్వరు కూసోని మాట్లాడుకోలే. తగ్గే వచ్చేది.

మా అమ్మ బతుకమ్మను ఇసుక తట్టల పేర్చేది. తంగేడు లేదు, గునుగు లేదు. దాదర్ల పూల మార్కెట్ ఉంటది, పొద్దుగూకినంక అమ్ముడుపోని బంతిపూలు కుప్పలు పోస్తరు. అమ్మ, ఇంకో ఇద్దరు ఆడోళ్లు లోకల్ రైలెక్కి పోయి సంచిల తెచ్చేటోళ్లు. వాడిపోయినయి కిందికి, మంచియి మీదికి. గౌరమ్మకు పసుపు మాత్రం ఊరికెల్లి తెచ్చిన పొట్లంలదే, సంవత్సరం అంత దాచేది, కూరల ఎయ్యనియ్యకపోయేది. సద్దులంటె పెరుగన్నం ఒక్కటే. పాట మాత్రం తొమ్మిది రోజులు తప్పలే. పక్క గుడిసెల బీహారోళ్లు గూడ చివరికి "ఉయ్యాలో" అందుకునేటోళ్లు, అర్థం తెల్వకుండనే.

దసరాకు జమ్మి ఉండదు ఆడ. మరాఠోళ్లు ఆప్టా ఆకు ఇచ్చి సోనా అంటరు. నాయిన ఆ ఆకే తెచ్చి మా చేతుల పెట్టి బంగారం అనేటోడు. చాన రోజులు జమ్మి ఆకంటె గదే అనుకున్న. ఊర్ల అసలు జమ్మి ఆకు చూసి "ఇంత చిన్నగ ఉందేంది" అన్నట.

ఒక్క పండుగ మాత్రం అమ్మ తగ్గనియ్యలే, పీర్ల పండుగ. బాకీ ఉన్నా, కొట్లాడైనా, ఊరికి బస్సెక్కుడే. సావు తప్పిపోయినా సరే పీర్లు తప్పొద్దు అనేది. అది సంవత్సరానికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతది కాబట్టి మేస్త్రీకి తారీఖు గుర్తుండకపోయేది, అమ్మకు మాత్రం నెల ముందే తెలిసేది.

అక్క మీద కోపం కాదు. పైన "అన్నీ ఇడిసిపెట్టిన, హాయి" అని చూసినంక రాయాలనిపించింది. ఇడిసిపెట్టుడు వేరే, గుంజుకునుడు వేరే.

చక్రాల_మీద_కోడింగ్ | 6 సెప్టెంబర్
ఆ మాట నాదే. ఉట్టిగనే అన్న. నిజం చెప్పాల్నంటె ఆ 8 నెలలల్ల దీపావళి నాడు బెంగళూరు బయట పార్కింగ్‌ల ఒక్కన్నే కూసుని చుట్టూ పటాకులు పేలుతుంటె లాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చేసిన. ఆ రోజు పెద్దగ ఏం హాయి లేదు.

12టైర్ల_ఇల్లు | 7 సెప్టెంబర్
కోస్గి చెల్లె, నీ పోస్టు ఆయనకు చదివి వినిపిచ్చిన. ఏం అనలే. బండి పక్కకు ఆపి చాయ్ తాగినం.
మా బాధ అంత పెద్దది కాదని నాకు తెల్సు. మేమైతె తాళం చేతి కాడనే పెట్టుకొని తిరుగుతున్నం.

దేవరకొండ_అత్తమ్మ | 7 సెప్టెంబర్
పెద్దది చిన్నది అని తూకం ఎందుకు బిడ్డా. నేను చెప్త విను, కోపం చేయకు. నువ్వు పోయినేడు చేసిన తప్పు పండుగ చేసుడు కాదు, తొమ్మిదో రోజు మీదనే అంత పెట్టుకునుడు. ఐదు సద్దులు రెండు తీర్ల పొడులు బండిల ఎవలు చేయమన్నరు?

మనోళ్లు ఏర్పాటు చేసిందే ఎంత మంచిగుందో చూడు. రెండో రోజు అటుకుల బతుకమ్మ. అటుకులు, బెల్లం. పొయ్యి కావాల్నా? నాలుగో రోజు నానబియ్యం. నీ బండినిండ బియ్యమే, ఒక గిలాస నానబెట్టి ఇంత పాలు బెల్లం కలుపు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, పేర్చేదే లేదు, పెట్టేదే లేదు, అమ్మవారు అలిగింది, నువ్వు పండుకో. ఎనిమిదో రోజు వెన్నముద్దలు, నువ్వులు బెల్లం ఇంత వెన్న. ఇగ మంటతోని పనున్నయి మూడో నాలుగో, ముద్దపప్పు, అట్లు, వేపకాయలు గిసోంటియి. అవి ఇడిసిపెట్టు. నీకు వీలైన రోజు పట్టుకో, కాని రోజు దండం పెట్టుకో.

బతుకమ్మకు అయ్యగారు అవసరం లేదు, మంత్రం లేదు, ముహూర్తం పెట్టేటోడు లేడు. ఆడోళ్లు, పూలు, పాట. గందుకే నాకు తిథి ముఖ్యం, మిగిలినదంత నీ ఇష్టం. ఆ రోజు ఊరూరంత ఒక్కటే పాట పాడుతది, నువ్వు ఏడున్నా ఆ పాటల ఉండాలె. రెండు రోజులు జరిపితె ఒక్కదానివే పాడుకుంటవు. పంతులు సార్‌కు నేను చెప్పేది గిదే.

పాలమూరు_పంతులు | 7 సెప్టెంబర్
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. తిథి విషయంలో బతుకమ్మ వరకు ఓడిపోయాను. బొబ్బట్ల విషయంలో మాత్రం నా పాత మాట మీదే ఉన్నా.

12టైర్ల_ఇల్లు | 7 సెప్టెంబర్
అలిగిన బతుకమ్మ మంచిగ నచ్చింది. నాకు తొమ్మిది రోజులు అదే పెట్టుకుంటె అయిపోతది!

సాగర్_ఆయకట్టు | 8 సెప్టెంబర్
పూల గురించి ఎవలు చెప్పలే. మా పొలాల గట్ల మీద గునుగు మస్తున్నది, మందు కొట్టకముందే కోసుకపో. ఒక్క మాట, సాగర్ ఎడమ కాల్వల ఇప్పుడు నీళ్లు గట్టిగ పోతున్నయి. బతుకమ్మను ఏస్తమని పిల్లలను తీసుకొని కాల్వ గోడ దిగొద్దు. రోడ్డు మీద పోయేటోళ్లకు ఆ నీళ్ల జోరు తెల్వదు, మీది నుంచి నిమ్మళంగ కనవడ్తది.

గొంగడి_మల్లన్న | 8 సెప్టెంబర్
మా ఇంటోళ్లు మంద ఎంబడి తిరిగెటోళ్లు. నాగర్‌కర్నూల్ దిక్కు ఊరు, ఎండాకాలం ముందల మంద తోలుకొని ఆయకట్టు దిక్కు పోతం, పొలాలల్ల మంద పెడ్తం, రైతు ఇంత వడ్లో పైసలో ఇస్తడు. నెలలకొద్ది గొంగడే ఇల్లు. సంక్రాంతి ఇంట్ల చేసుకున్న యాది నాకు లేదు. మా తాత లెక్క ఎట్ల ఉండేదంటె, పండుగ మన దారిల ఉంటె చేస్తం, లేకుంటె పండుగే మనల్ని దాటి పోతది, తిట్టుకోవద్దు. రెండేండ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర ఉంటది కదా, లింగమంతుల సామిది. అదొక్కటి మాత్రం దారి తప్పించి అయినా పోతం. ఈ ఫిబ్రవరిల అయింది. మిగిలిన పండుగలన్ని దాని కిందనే లెక్క.

12టైర్ల అక్కా, తంగేడు కోసం పరేషాన్ కాకు. తమిళనాడు ఎండ జాగలల్ల రోడ్డు పక్కపొంటి ఉంటది. ఆడ దాన్ని ఆవారం పూ అంటరు. కేరళల అడుగు పెట్టినంక చూడకు, ఇటు కోయంబత్తూరు, కరూరు దిక్కు చూడు. తంగేడు కోసిన పూటనే వాడుతది, గునుగు అట్ల కాదు, ఎండినా రంగు, రూపు పోదు. గునుగును ఇంటికెల్లి కట్ట కట్టి తీసుకపో, తంగేడును ఆ పొద్దే కొయ్యి.

12టైర్ల_ఇల్లు | 8 సెప్టెంబర్
ఆవారం! ఆ పేరు బోర్డుల మీద చూసిన, ఏందో అనుకున్న. గదే తంగేడా?

గొంగడి_మల్లన్న | 8 సెప్టెంబర్
గదే. మన రాష్ట్ర పువ్వు ఆడ షుగరుకు మందు.

నిజాంపేట_నల్లగొండోడు | 9 సెప్టెంబర్
గింత లొల్లి ఎందుకు? పండుగకు ఆ నాలుగు రోజులు బండి ఆపి ఇంటికి పోతె అయిపోదా?

12టైర్ల_ఇల్లు | 9 సెప్టెంబర్
కిస్తీ ఆగదన్న.

రిగ్గు_దోస్తు | 9 సెప్టెంబర్
అన్నకు సంక్రాంతికి పంతంగి టోల్ కాడ రెండు గంటలు నిలబడితెనే ఓపిక పోతది, కిస్తీ సంగతి ఏం తెల్సు.

నిజాంపేట_నల్లగొండోడు | 9 సెప్టెంబర్
పోయిన సంక్రాంతికి కొర్లపహాడ్ టోల్ కాడ గూడ నిలవడ్డ. నా ప్రశ్న వాపస్ తీసుకుంటున్న.

సాగర్_ఆయకట్టు | 9 సెప్టెంబర్
ఈ ఏడు దసరా గాంధీ జయంతి నాడే పడ్డది. మటన్ లేదు, మందు లేదు. ప్రభుత్వమే అందరి పండుగ తగ్గిచ్చింది, మీరు ఒక్కరే కాదు.

చక్రాల_మీద_కోడింగ్ | 9 సెప్టెంబర్
ఒకటో తారీఖు రాత్రి షాపుల ముందర లైన్లు చూస్తె తగ్గినట్టు కనవడది.

నిర్వాహకుడు | 9 సెప్టెంబర్
మందు మీద వేరే చర్చ ఉంది, అక్కడికి పోండ్రి. ఇక్కడ పూల గురించే.

కోస్గి_బిడ్డ | 11 సెప్టెంబర్
అక్కా, బిడ్డ దసరా సెలవులకు ఏడ ఉంటది? బండిలకు తీసుకొస్తవా?

12టైర్ల_ఇల్లు | 11 సెప్టెంబర్
అదే తెగుతలేదు. తనకు రావాలని ఉంది. పదమూడేండ్లు, వెనక బెర్తుల ముగ్గురం పట్టం, రాత్రిళ్లు బాత్రూం కష్టం, నాకే అలవాటు కావడానికి నాలుగు నెలలు పట్టింది. అత్తమ్మ కాడికి పంపితె పండుగ మంచిగైతది గని నేను లేని బతుకమ్మ అయితది.

కోస్గి_బిడ్డ | 11 సెప్టెంబర్
నానమ్మ కాడికే పంపు. నాకు పద్నాలుగో ఏట అమ్మ అట్లనే పంపింది. మొదటి రోజు ఏడ్సిన, మూడో రోజు అమ్మ ఫోన్ చేస్తె "తర్వాత మాట్లాడ్త, ఆడుతున్న" అని పెట్టేసిన. అమ్మకు బాధైందో లేదో అడగలే ఇప్పటిదాక.

దేవరకొండ_అత్తమ్మ | 11 సెప్టెంబర్
బాధయితది. అయినా పంపాలె.

పాలమూరు_పంతులు | 12 సెప్టెంబర్
సామాన్ల గురించి ఒక చిన్న మాట. మా ఆవిడ ఒక స్టీలు టిఫిన్ డబ్బాను దేవుడి పెట్టె చేసింది. పసుపు, కుంకుమ, ఒత్తులు, అగ్గిపెట్టె, రెండు ప్రమిదలు, చిన్న నెయ్యి సీసా. మూత గట్టిగా పడుతుంది కాబట్టి మీ ఘాట్ రోడ్డులో కూడా గేరు మీద పడదు. నడుస్తున్న బండిలో ఏదీ పేర్చి పెట్టకండి. ఆపాకే పేర్చడం, ఆపిన చోటే నీళ్లలో వెయ్యడం. నీళ్లు లేకపోతే బకెట్.

దేవరకొండ_అత్తమ్మ | 12 సెప్టెంబర్
బకెట్ల బతుకమ్మా... సరె. మా చిన్నప్పుడు చెరువు ఎండిన ఏడు బాయి కాడ గోలెంల ఏసినం. ఎవలకు చెప్పొద్దు.

12టైర్ల_ఇల్లు | 30 సెప్టెంబర్
రాత్రి తొమ్మిదైంది, ఇప్పుడే కూసున్న. పండుగ ఎట్లైందో చెప్తున్న.

ఇరవై ఒకటో తారీఖు మిల్లు కాడ లైన్లనే ఉన్నం, ఎంగిలిపూలు ఊర్లనే ఆడిన, బిడ్డను అత్తమ్మ కాడ దింపిన. సాగర్ అన్న చెప్పినట్టు గునుగు రెండు కట్టలు కోసి బెర్తు మీద తాడు కట్టి ఏలాడదీసిన. ఆయన "పందిరి ఏసినవా" అన్నడు. అటుకుల రోజు లోడైతుంది, అటుకులు నములుకుంట దండం పెట్టిన. నానబియ్యం రోజు చేసిన. అలిగిన రోజు నిజంగనే అలిగిన, టైరు పంచరైంది.

నిన్న కరూర్ల దించినం. లోడ్ కోసం నామక్కల్ల లారీల అడ్డాల పెట్టినం. పొద్దున తంగేడు కోసం పోయిన. రోడ్డు పొంటి మొత్తం కొట్టేసిన్రు, ఒక్క పొద దొరికింది, దోసెడు పూలు. పూలమ్మె ముసలామెను "ఆవారం పూ" అని అడిగితె చాయ్ పెట్టుకుంటవా, షుగర్ ఎంతుంది అని సైగ చేసింది. బంతి పూలు ఆమె కాడనే 60 రూపాయలవి తీసుకున్న. ఖర్చు ఇగ గంతే.

టిఫిన్ డబ్బా మూతల పేర్చిన. జానెడు. కింద గునుగు, మీద బంతి, మీది నుంచి తంగేడు, కొసకు గౌరమ్మ. పెరుగన్నం ఒక్కటే సద్ది. బయట పొయ్యి పెట్టి వండిన, రిగ్గు తమ్ముడు, బంకుకు దూరంగనే.

సాయంత్రం ఊర్ల గుడి ముందట అందరు కూడిన్రు, బిడ్డ వీడియో కాల్ పెట్టి ఫోన్ అరుగు మీద నిలబెట్టింది. ఇక్కడ బండి వెనక నేను ఒక్కదాన్నే మూత చుట్టు తిరుగుడు. ఆడ ఆళ్లు చప్పట్లు కొడ్తె నాకు జర లేటుగ వస్తది, నేను కొడ్తె ఆళ్లకు లేటు. ఆళ్లు చందమామ పాటకు పోయిన్రు, నేను ఇంకా ఉయ్యాలోలనే ఉన్న. బిడ్డ ఒక్కటే నవ్వుడు. ఆయన నెత్తికి తువ్వాల చుట్టుకొని పక్కన నిలవడ్డడు, చప్పట్లు కొట్టుమంటె చుట్టు పక్కల డ్రైవర్లు చూస్తున్నరని సిగ్గు. తర్వాత ఒక తమిళ్ డ్రైవర్ కొట్టుడు మొదలుపెడితె అప్పుడు కొట్టిండు.

అత్తమ్మ ఫోన్ దగ్గరకొచ్చి మొహం ఇంత పెద్దగ పెట్టి చాన సేపు చూసింది. గడప గురించి అంటదేమో అనుకున్న. "గౌరమ్మ పల్చగైందే, పసుపు ఇంకింత ఒత్తాలె" అన్నది.

కావేరి దాక బండి తీయలే, డీజిల్ దండుగ. బకెట్లనే ఏసిన. నీళ్లు చెట్టుకు.

దేవరకొండ_అత్తమ్మ | 30 సెప్టెంబర్
గౌరమ్మ మీద మాట పడ్డదంటె మిగిలినదంత మంచిగున్నట్టే. అత్తలను నేనెరుగనా.

కోస్గి_బిడ్డ | 30 సెప్టెంబర్
మూత ఫొటో పెట్టు అక్కా.

12టైర్ల_ఇల్లు | 30 సెప్టెంబర్
పెట్టరాదు, ఫోన్ల ఛార్జింగ్ 4 ఉంది. రేపు.

రిగ్గు_దోస్తు | 1 అక్టోబర్
అక్కా, ఇయ్యాల నవమి, నువ్వున్నది నామక్కల్ల. బండ్ల అడ్డా అంత అరటి మొక్కలు కట్టి ఉంటయి. పోయి నిలబడు, బొరుగులు చేతుల పోస్తరు, కాదనకు.

12టైర్ల_ఇల్లు | 1 అక్టోబర్
పోసిన్రు. రెండు కవర్లు. ఆయన మన బండికి గూడ ఇయ్యాలనే గుమ్మడికాయ కొట్టిచ్చిండు, "రేపు మళ్ల ఎవడు ఆపుతడు" అని. దేవరకొండ అత్తమ్మా, తిథి తప్పింది, మీరు చదవనట్టే ఉండున్రి.

లోడ్ గూడ దొరికింది, బెంగళూరు. రేపు పొద్దుగాల హోసూరు దాటుతం. ఒక్కటే మిగిలింది, జమ్మి ఆకు. ఆడ ఏడన్న దొరుకుతదా? ఏమని అడగాలె?

గొంగడి_మల్లన్న | 1 అక్టోబర్
హోసూరు ఇవతలైతె గుడి కాడ "వన్ని" అను. దాటినంక "బన్ని" అను. రెండూ జమ్మే.

పాలమూరు_పంతులు | 1 అక్టోబర్
మేము రేపు హోసూరు దగ్గరే ఉంటాం. మా ఆవిడ బొబ్బట్లు చేస్తోంది. ఎన్ని గంటలకు దాటుతారో చెప్తే, జమ్మికి బదులు బొబ్బట్లు.

దేవరకొండ_అత్తమ్మ | 1 అక్టోబర్
బదులు కాదు సారూ. రెండూ.